వ్రెతీ అని ఎవరు పెట్టారు

వ్రెతీకి ఎనిమిదో ఏడు నడుస్తుండగా తన పేరు మీద మొదటిసారి అనుమానం వచ్చింది. అది ఆగస్టు నెల, మరియమ్మ పండగ. అక్కడ ఎవరికి ఏ పునీతుల పేరు ఉంటే ఆ పునీతుల పండగే వాళ్ళకు పేరు పండగ. హియోస్ ద్వీపంలో దక్షిణాన ఉన్న లిథారి ఊళ్ళో మూడిళ్ళకొక మరియ ఉంటుంది కాబట్టి ఆ రోజు ఊరంతా పేరు పండగే. చిన్నాన్న కూతురు మరూ అసలు పేరూ మరియే. ఆ పిల్ల ఉతికిన గౌను వేసుకుని, బాదం మిఠాయి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. వచ్చినవాళ్ళందరూ దీవించి తలా ఒక ముక్క నోట్లో వేసుకుని పోతున్నారు. వ్రెతీ కూడా ఒక ముక్క తీసుకుని, తన పేరు పండగ ఎప్పుడొస్తుందని అడిగింది.

"నీకు రాదు," అంది మరూ. "ఆ పేరుతో పునీతురాలే లేకపోతే పండగెక్కణ్ణుంచి వస్తుంది? అయినా నువ్వు మా పెదనాన్నకి పుట్టలేదుగా. మూడు దారుల దగ్గర జల్లెడలో దొరికావు. అందుకే వ్రెతీ అన్నారు."

వ్రెతీ అంటే వాళ్ళ భాషలో దొరికినది అనే. ఆ మాట ఆ పిల్లకు తెలియనిది కాదు. తప్పిపోయిన మేక దొరికినప్పుడు, పోయిన సూది కనిపించినప్పుడు రోజూ నలుగురి నోటా వినేదే. కానీ పుట్టినప్పటినుంచీ తనను పిలుస్తున్న మాటకు ఒక అర్థం ఉంటుందని ఆ రోజు దాకా ఆమెకు తోచలేదు. నోట్లో మిఠాయి అలాగే పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది.

తల్లి అంగెరూ గడపలో కూర్చుని చలికాలానికి దాచే టమాటాలు దారానికి గుచ్చుతోంది. తాను ఎవరి పిల్లనని వ్రెతీ అడిగింది.

"ఎవరి పిల్లవో నాకేం తెలుసు," అంది తల్లి తలెత్తకుండా. "ఆ దారపుండ ఇలా అందుకో."

అది కొత్త మాటేమీ కాదు. తల్లి ఎప్పుడూ అలాగే మాట్లాడేది. అన్నానికి పిలిచినా ఎవరి పిల్లవే అని పిలిచేది. పిల్ల ఏపుగా పెరిగిందని ఇరుగుపొరుగు ఎవరైనా అంటే, మాదెక్కడిది, ఎవరో వదిలేసి పోతే పెంచుతున్నాం, రేపో మాపో వచ్చి పట్టుకుపోతారు అని చెప్పి, తన రవిక మెడలోకి ముమ్మారు తుపుక్కున ఉమ్ముకునేది. వ్రెతీ అన్నాళ్ళూ దాన్ని సరసం అనుకుంది. ఆ సాయంత్రం నుంచి సరసంలా వినిపించలేదు.

తండ్రి ఇసిదోరోస్ మెత్తని మనిషి. ఆయన్ను అడిగితే కంచర గాడిదకు నీళ్ళు పెట్టాలని లేచి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ గాడిదకే దాహం వేసేది.

ఇక పిల్ల తనంతట తానే ఆధారాలు వెదకడం మొదలుపెట్టింది. తల్లిదండ్రులిద్దరిదీ నల్లని జుట్టు. తనది ఎండలో రాగిలా మెరిసే జుట్టు. తాను పుట్టింది పంతొమ్మిది వందల ఇరవైరెండు శరదృతువులో. సరిగ్గా అప్పుడే అవతలి టర్కీ ఒడ్డున యుద్ధంలో ఊళ్ళు తగలబడి, వేలకు వేల మంది చెస్మే రేవు నుంచి పడవల్లో ఈ ద్వీపం మీదికి వచ్చి పడ్డారు. బళ్ళలో, చర్చిల్లో, చెట్ల బంక దాచే గిడ్డంగుల్లో కుక్కుకుని పడుకున్నారు. అలాంటి ఏ ఆడమనిషో పెంచుకోలేక దారిలో పెట్టి పోయిన బిడ్డ తానేనని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది. బళ్ళో మగపిల్లలు టర్కీ విత్తనమని వెనకనుంచి అంటే తిరిగి చూసేది కాదు, కాదనేది కాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఏటా పునరుత్థానపు పెద్ద పండగకు ముందు పట్నం బస్సులో తెల్లని మైనపు కొవ్వొత్తి ఒకటి నీలం రిబ్బను కట్టి వచ్చేది. పండగకు పిల్లలకు అలా కొవ్వొత్తి పంపేది జ్ఞానతల్లి, అంటే బాప్తిస్మం రోజున బిడ్డను ఎత్తుకుని పేరు చెప్పిన మనిషి. మిగతా పిల్లల జ్ఞానతల్లులు పండక్కి ఇంటికొచ్చి, ముద్దాడి, కడుపునిండా తిని పోయేవాళ్ళు. వ్రెతీకి అలాంటి మనిషి ఉన్నట్టే ఎవరూ చెప్పలేదు. కొవ్వొత్తి రాగానే తల్లి కాగితం విప్పకుండా చర్చికి తీసుకెళ్ళి అక్కడి కట్టలో కలిపేసేది. పన్నెండో ఏట వ్రెతీ బస్సుకు ఎదురెళ్ళి డ్రైవరు దగ్గర దాన్ని అందుకుంది. కాగితం మీద "వ్రెతీకి" అని రాసి, కింద "ఎ" అని ఒక్క అక్షరం ఉంది. అంతే. ఆ కాగితం ముక్క చించి బూటులో దాచుకుంది. పట్నంలో ఎ అనే తల్లి ఒకతి ఉందనీ, ఇక్కడి ఇద్దరూ ఆ సంగతి దాస్తున్నారనీ ఆనాటి నుంచి ఆమె అనుకుంటూనే ఉంది.

తల్లి చూసుకోలేదని కాదు. జ్వరం వస్తే మూడు రోజులు మంచం దగ్గరనుంచి కదిలేది కాదు. జర్మన్లు ద్వీపంలో ఉన్న కరువు రోజుల్లో ఉడికించిన ఆకుకూర కూడా కరువైతే, తన వంతు ఎండు అంజూరాలు పిల్ల కంచంలోకి తోసేసి తాను నీళ్ళు తాగి పడుకునేది. దాన్ని కూడా వ్రెతీ అనుమానంగానే చూసింది. మనది కాని వస్తువు దగ్గరుంటే ఎవరైనా ఇంకాస్త జాగ్రత్తగానే చూస్తారు కదా, అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి కాబట్టి. ఆమెకు అలా తోచేది.

ఇరవైయో ఏట ఒక సంబంధం వచ్చి, పెళ్ళికొడుకు తల్లి ఏ చెట్టు పిందెనో తెలియకుండా కోడలిగా ఎలా తెచ్చుకోమని అడగడంతో వెనక్కిపోయింది. ఇరవయ్యారో ఏట పక్క ఊరి తాపీమేస్త్రీ లెయోనిస్ ఏ ప్రశ్నా అడక్కుండా చేసుకున్నాడు. అడక్కపోవడమే ఆమెకు అనుమానమైంది. తండ్రి చెట్ల కోసం చేసుకున్నాడేమోనని పెళ్ళైన ఏడాది దాకా అతణ్ణి ఓ కంట కనిపెడుతూనే ఉంది. లెయోనిస్ రాళ్ళు పగలగొట్టి వచ్చి, తిని, నిద్రపోయేవాడు. చెట్ల ఊసు ఎత్తలేదు.

ఆ చెట్లు మస్తకి చెట్లు. లిథారిలో బతుకంతా వాటి బంక మీదే. ఎండాకాలంలో చెట్టు కింద చదును చేసి, తెల్లని సుద్ద మట్టి చల్లి, బెరడుకు గాట్లు పెడతారు. కారిన బొట్లు ఆ మట్టి మీద పడి గట్టిపడతాయి. ఇసిదోరోస్‌కు కొండవాలున రెండు వందల చెట్లు ఉండేవి. యాభై ఒకటో సంవత్సరం వసంతంలో ఆయన గాడిదను మలుపు తిప్పుతూ తిప్పుతూ గుండె పట్టుకుని కూలబడి ప్రాణం వదిలాడు.

నలభయ్యో రోజు చర్చిలో ఉడికించిన గోధుమలు పంచి ఇంటికొచ్చారు. ఆయన తమ్ముడు, మరూ తండ్రి అయిన మికేస్ అందరూ వెళ్ళేదాకా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"వదినా, నీకు బతికినన్నాళ్ళూ లోటు రానివ్వను. కానీ చెట్లు మా నాన్నవి. రక్తం ఉన్నవాళ్ళకి రావాలి. ఊరికే అనడం లేదు, ఆమె మా అన్నకి పుట్టిందని ఎక్కడ రాసుందో చూపించండి చాలు."

అంగెరూ పళ్ళెంలో మిగిలిన గోధుమలు ఒకచోటికి పోగుచేసింది. ఆమె ముఖం కేసి వ్రెతీ చూస్తూ ఉండిపోయింది. ఇది నేను కన్నదే అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ ఒక్క మాట తల్లి నోటినుంచి రాలేదు. లేచి గిన్నెలు కడగడానికి పోయింది.

ఆదివారం పాదిరీ గావ్రిలిస్ చర్చి లోపలి గదిలో బాప్తిస్మాల పుస్తకం తీశాడు. ఆయన ఆ ఊరికి వచ్చి పదేళ్ళే అయింది, పాత సంగతులేవీ ఎరగడు. మికేస్, ఊరి పెద్ద ఒకాయన, వ్రెతీ, లెయోనిస్ బల్ల చుట్టూ నిలబడ్డారు. పేజీ దొరికింది. బిడ్డ పేరు వ్రెతీ. జ్ఞానతల్లి ఎవాంథియా, చెస్మే నుంచి వచ్చిన శరణార్థి. పై వరసలో తండ్రి ఇసిదోరోస్, తల్లి అంగెరూ.

"సిరా చూడండి," అన్నాడు మికేస్.

అందరూ వంగి చూశారు. బిడ్డ పేరు, జ్ఞానతల్లి పేరు గోధుమరంగుకు తిరిగిపోయిన పాత సిరాలో ఉన్నాయి. తల్లిదండ్రుల పేర్లు నీలి సిరాలో, వేరే పాళీతో ఉన్నాయి. ఖాళీగా వదిలి తరవాతెప్పుడో నింపారని పసిపిల్లకు కూడా తెలుస్తుంది.

పాదిరీ గడ్డం నిమురుకున్నాడు. ఈ పేరు ఊళ్ళో ఇంకెవరికైనా ఉందా అని ఊరి పెద్ద అడిగితే, బీరువాలోంచి ఇంకా పాత పుస్తకం తీసి అరగంట వెదికాడు. నూట ముప్పయ్యేళ్ళ వెనక, తురకలు ద్వీపమంతా నరికి పోగులు పెట్టిన మరుసటి ఏడు ఒకే ఒక్క వ్రెతీ కనిపించింది. దాని పక్కన, కొండ గుహలో దొరికిన ఆడపిల్ల, తల్లిదండ్రులు తెలియరు అని రాసి ఉంది. ఈ పేరుతో పునీతురాలెవరూ లేరనీ, ఫిబ్రవరిలో బాప్తిస్మమిచ్చే యోహాను శిరస్సు దొరికిన పండగ ఒకటుందనీ, దాని పేరు చెప్పుకుని వెనకటి పాదిరీలు ఇలాంటి పేర్లకు ఒప్పుకునేవారనీ ఆయన చెప్పాడు. దొరికిన పిల్లలకే పెట్టేవారా అని మికేస్ అడిగాడు. పాదిరీ తనకు తెలిసినంతలో అంతేనన్నాడు.

దారిలో లెయోనిస్ భార్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె విదిలించుకుంది. ఆమె బాధ చెట్ల గురించి కాదు. ఇరవై ఏళ్ళుగా లోలోపల నమ్ముతున్నది పుస్తకంలో కంటపడేసరికి, అది అబద్ధమైతే బాగుండునని తాను ఇంతగా కోరుకుంటున్నట్టు ఆమెకు అప్పుడు తెలిసింది. ఎ అంటే ఎవాంథియా. తాను దొంగచాటుగా దాచిన కాగితం ముక్క అబద్ధం చెప్పలేదు.

మర్నాడు తల్లికి చెప్పకుండా పట్నం బస్సెక్కింది.

శరణార్థుల పేటలో వాకబు చేస్తే నారింజలు కట్టే ఎవాంథియానా అని ఎవరో ఇల్లు చూపించారు. ఒకే గది, ముందు పూలకుండీలుగా మార్చిన రేకు డబ్బాలు. తలుపు జానెడు తెరుచుకుంది. సన్నగా, నిటారుగా ఉన్న ఒక యాభయ్యేళ్ళ మనిషి, తలకు గుడ్డ కట్టుకుని, గొలుసు తియ్యకుండానే ఎవరు పంపారని అడిగింది. తోటల నుంచి వచ్చే నారింజలను పల్చని కాగితంలో చుట్టి పెట్టెల్లో పేర్చే పని ఆమెది. వేళ్ళ చివర్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

వ్రెతీ దారంతా ఎన్నో మాటలు కూర్చుకుంది. నోట్లోంచి ఒకటే వచ్చింది.

"మీ జుట్టు వయసులో ఉన్నప్పుడు ఏ రంగండీ?"

"నలుపు. ఎందుకు?"

వ్రెతీ తన తలగుడ్డ వెనక్కి లాగింది. ఆమె ఆ రాగిరంగు జుట్టు వైపు చాలాసేపు చూసింది. గొలుసు తీసింది.

"పుట్టినప్పుడు కూడా నీ వెంట్రుకలు ఇదే రంగు," అంది. "లోపలికి రా."

వ్రెతీ కూర్చోలేదు. నన్ను కన్నది మీరేనా, చెప్పండి, నాకు కోపం లేదు అంది. గొంతులో కోపం ఉంది. ఎవాంథియా కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, అది పొంగేదాకా వీపు తిప్పి నిలబడి, అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది.

ఆమెకు అప్పటికి ఇరవయ్యొక్క ఏళ్ళు. చెస్మే రేవులో జనం తోసుకుంటుంటే, పద్నాలుగు నెలల కూతుర్ని పడవలో ఉన్న ఒకావిడ చేతులు చాపి అందుకుంది. తల్లి ఎక్కేలోగా ఆ పడవ కదిలిపోయింది. ఆమె ఎక్కింది వేరే పడవ. ఈ ద్వీపానికి వచ్చాక పట్నంలో చర్చి చర్చికీ, బడి బడికీ తిరిగింది. కొన్ని కుటుంబాలను దక్షిణాన మస్తకి ఊళ్ళకు పంపారని ఎవరో అంటే నడిచి బయలుదేరింది. నాలుగో రోజు తెల్లవారుతుండగా లిథారి దగ్గర మూడు దారులు కలిసే చోట ఏడుపు వినిపించింది. బంక జల్లించే జల్లెడలో తెల్లగుడ్డ చుట్టిన బిడ్డ. చుట్టూ మనిషి జాడ లేదు.

"నాది కాదని తెలుసు," అంది ఎవాంథియా. "నాది నడిచే పిల్ల. ఇది పుట్టి గంటయినా కాలేదు, బొడ్డుకి కట్టిన ఎర్ర నూలు ఇంకా తడిగా ఉంది. కానీ ఎత్తుకున్నాక దించబుద్ధి కాలేదు. దేవుడు ఒకటి తీసుకుని ఒకటి ఇచ్చాడనుకున్నా. ఊరివైపు కాదు, పట్నం వైపు నడిచా."

అక్కడ గోడ వెనక లిథారి మంత్రసాని దాక్కుని ఉందని ఆమెకు తెలియదు. పిల్లలు బతకని ఇంట్లో బిడ్డ పుట్టగానే కూడలిలో పెట్టడం, అటుగా వచ్చిన మొదటి మనిషి ఎత్తుకోవడం, పేరు పెట్టి, దొరికిన పిల్ల అని చెప్పి కన్నవాళ్ళకే పెంపకానికి ఇవ్వడం మస్తకి ఊళ్ళలో వెనకటి ఆనవాయితీ, పిల్లలకు చెబితే ఫలించదని పెద్దవాళ్ళు దాని ఊసెత్తరు. పరాయి బిడ్డ అనుకుని మృత్యువు ఆ ఇంటి గడప తొక్కకుండా పోతాడని వాళ్ళ ఆశ. దారిన పోయేవాళ్ళు ఈ ద్వీపం వాళ్ళైతే చూడగానే గ్రహిస్తారు. ఎవాంథియా గ్రహించలేదు. మంత్రసాని కేక వేసేసరికి బెదిరి పరుగెత్తింది. వెనకనుంచి ఒక కుర్రాడు వచ్చి జబ్బ పట్టుకున్నాడు.

"ఎడమ చెవి తమ్మె తెగి ఉంది వాడికి. 'మా అన్న బిడ్డని ఎక్కడికి ఎత్తుకుపోతున్నావే' అని నా చేతుల్లోంచి లాక్కున్నాడు. ముసల్ది రొప్పుకుంటూ వచ్చి సంగతి చెప్పింది. మొదట ముట్టుకున్నది నువ్వే కాబట్టి పేరు నువ్వే పెట్టాలంది. నాకు పేరూ ఊరూ ఏం తోస్తుంది? దొరికింది, నాకు దొరికింది అని ఏడుస్తున్నా. అయితే అదే పేరు అంది ముసల్ది."

తరవాత ఆమెను ఇంటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. లోపల మంచం మీద అంగెరూ. ఈ పిల్ల దొరికింది, పెంచుతావా అని బయటి మనిషి అడగాలి. పరాయిదే అయినా పెంచుతాను అని లోపలి మనిషి చెప్పాలి. రెండు మాటలూ అయ్యాయి. కానీ కిటికీలోంచి బిడ్డను అందించాక కూడా ఎవాంథియా వేళ్ళు గుడ్డను వదల్లేదు. అంగెరూ ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పింది. నలభై రోజులకు బాప్తిస్మం జరిపించి, ఆ సాయంత్రమే ఇకమీదట ఈ ఊరు రావద్దని చెప్పి పంపింది.

"మీ అమ్మకి నా మీద నమ్మకం లేదు," అంది ఎవాంథియా. "తప్పేం లేదు. నాకూ లేదు అప్పుడు."

బస్సులో తిరిగి వస్తూ వ్రెతీ ఆ కథను ముక్కముక్కగా విప్పి చూసుకుంది. మనసు తేలిక పడలేదు. కని వదిలేసిన మనిషి కూడా కూతురి ఆస్తి పోకుండా ఇలాంటి కథే అల్లుతుంది కదా అనిపించింది. తెగిన చెవి సంగతి మాత్రం గుచ్చుకుంది. మికేస్‌కు చిన్నప్పుడు గాడిద కొరికి ఎడమ చెవి తమ్మె పోయిందని ఇంట్లోవాళ్ళకు తెలుసు. బయటికి వస్తే ఎండాకాలంలో కూడా ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కునే ఉంటాడు. అయినా ఎవరో ఒకరు చెప్పి ఉండొచ్చు. కళ్ళారా చూడకుండా దేన్నీ నమ్మకూడదని నిశ్చయించుకుంది. వచ్చే ఆదివారం లిథారి రమ్మని ఎవాంథియాకు కబురు చేసింది. ఎందుకో చెప్పలేదు. తల్లికీ చెప్పలేదు, భర్తకూ చెప్పలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళు కాఫీ కొట్టు ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పాతిక మంది దాకా ఉంటారు, అందులో సగం మందికి టోపీలున్నాయి. బస్సు దిగిన ఎవాంథియాను వ్రెతీ కొట్టు దాకా తీసుకొచ్చి, ఆ రోజు మిమ్మల్ని పట్టుకున్నవాడు వీళ్ళలో ఉన్నాడేమో చూడమంది.

ఎవాంథియా మెల్లగా కుర్చీల ముందునుంచి నడిచింది. మికేస్ ముందు కూడా ఆగకుండానే దాటిపోయింది. అయిపోయింది, అంతా కల్పనే అనుకుంది వ్రెతీ. అంతలో మికేస్, ఈ ముసల్దానికి ఏం కావాలో కనుక్కోండ్రా అని వెనకనుంచి అన్నాడు. ఎవాంథియా ఆగి, తిరిగి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఆ గొంతు నాకు తెలుసు. బాబూ, టోపీ ఒకసారి తియ్యి."

అతను తియ్యలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. పక్క బల్ల దగ్గర పాదిరీ గావ్రిలిస్ కప్పు కింద పెట్టి, ఆడమనిషి అడుగుతోంది కదా, తీస్తే పోయేదేముంది అన్నాడు. మికేస్ టోపీ తీశాడు. చెవి అందరికీ కనిపించింది.

"మా అన్న బిడ్డని ఎక్కడికి ఎత్తుకుపోతున్నావే అన్నావు," అంది ఎవాంథియా. "అన్నావా లేదా?"

"అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు," అన్నాడు మికేస్. "కంగార్లో ఏదో అని ఉంటా."

అన్నాక గాని ఏం ఒప్పుకున్నాడో అతనికి తెలియలేదు. కుర్చీల్లో కదలిక మొదలైంది. ఒక ముసలాయన, కంగార్లో నిజమే వస్తుంది మికేస్, నింపాదిగా కూర్చుంటే కదా చెట్లు గుర్తొచ్చేది అన్నాడు. మికేస్ టోపీ పెట్టుకుని, కాఫీ సగం వదిలేసి ఇంటికి పోయాడు. ఆ తరవాత చెట్ల ఊసు మళ్ళీ రాలేదు. మరూ మాత్రం ఏడాది పాటు వ్రెతీ ఎదురుపడితే పక్క సందులోకి తిరిగింది.

వ్రెతీ ఎవాంథియాను చర్చి అరుగు మీద కూర్చోబెట్టి తిన్నగా ఇంటికి వెళ్ళింది. తల్లి చిక్కుడుకాయలు తుంచుతోంది. అప్పటికే పైకప్పుల మీదుగా వార్త చేరిపోయింది. లిథారిలో ఇళ్ళ కప్పులన్నీ ఒకటే, మాట మనిషికన్నా ముందు వస్తుంది.

"సిరా ఎందుకు వేరే ఉంది?" అంది వ్రెతీ.

అంగెరూ లేచి కిటికీ తలుపు మూసింది. మళ్ళీ కూర్చుంది.

"నీకు ముందు ముగ్గురు," అంది గొంతు తగ్గించి. "ముగ్గురి పక్కనా నా పేరు రాశారు. ముగ్గురూ ఏడాది దాటలేదు. మొదటివాడిది నీ జుట్టే. నాలుగోసారి రాయొద్దని పాదిరీ కాళ్ళు పట్టుకున్నా. నీకు ఏడో ఏడు వచ్చాక ఆయనే ఊరుకోక నింపేశాడు."

"నాకిప్పుడు ఇరవైతొమ్మిదో ఏడు. ఇప్పటికైనా చెప్పొచ్చుగా."

"ప్రాణాలు పట్టుకుపోయేవాడికి వయసుతో పనేముంది," అంది తల్లి. "మెల్లిగా మాట్లాడు."

వ్రెతీ ఆ మాటకు కరిగిపోలేదు. మొట్టమొదట వచ్చింది కోపమే. బూటులో కాగితం దాచుకుని తిరిగిన పిల్ల, నీళ్ళ తొట్టిలో తన జుట్టు చూసుకుని ఏడ్చిన పిల్ల ఆమె కళ్ళ ముందు నిలబడింది. ఒక్కసారి చెవిలో చెప్పి ఉంటే సరిపోయేది కదా అంది. చెవిలో చెబితే వాడు వినడా అంది అంగెరూ. ఆ మనిషి నిజంగానే భయపడుతోంది. వ్రెతీ తొమ్మిది రోజులు తల్లితో మాట్లాడలేదు. పదో రోజు గాట్లు పెట్టే పని మొదలైంది, ఇద్దరూ కొండవాలుకు వెళ్ళక తప్పలేదు. పనిలో పడి మాటలు కలిశాయి.

ఎవాంథియాను ఇంటికి పిలవడం ఇంకా కష్టమైంది. ఆ చలికాలం బంక శుభ్రం చేసే రోజుల్లో, బొట్లకు అంటిన మట్టిని చిన్న చాకులతో గీకడానికి ఆడవాళ్ళంతా ఒక ఇంట్లో చేరినప్పుడు, వ్రెతీ పట్నం నుంచి ఆమెను తీసుకొచ్చింది. అంగెరూ కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కూతురికీ ఆమెకీ మధ్య పీట వేసుకుని తాను కూర్చుంది. ఎవాంథియా వేళ్ళకు నారింజలు అలవాటు గాని బంక అలవాటు లేదు. ఆమె గీకిన బొట్టును అంగెరూ మళ్ళీ తీసి చూసి, ఇంకోసారి గీకి పక్కన పెట్టేది. పన్నెండు రోజులున్నాక బస్సు దాకా తానే వెంట వెళ్ళి, ఆమె ఎక్కి, బస్సు కదిలి మలుపు తిరిగేదాకా నిలబడింది. మర్యాద అని ఊళ్ళో అనుకున్నారు. ఎక్కిందో లేదో చూసుకోవడానికని వ్రెతీకి తెలుసు.

అలా పదకొండు చలికాలాలు గడిచాయి. చివరి రెండేళ్ళలో మాత్రం ఎవాంథియా గీకిన బొట్లను అంగెరూ తిరిగి చూడడం మానేసింది, చూపు ఆనక. అరవైరెండులో అంగెరూ పోయినప్పుడు ఊరి ఆడవాళ్ళు నల్లబట్టలు కట్టుకుని వచ్చారు. కడసారి తల దువ్వడానికి ఎవాంథియా దువ్వెన అందుకుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఎవాంథియాకు రాయడం పేరు వరకే వచ్చు. రేవులో చేజారిన కూతురి కోసం ఏటా తప్పిపోయినవాళ్ళను వెదికే ఏథెన్స్ కార్యాలయానికి ఉత్తరం రాయించేది. అన్నాళ్ళూ పేటలో ఎవరెవరితోనో రాయించింది. అంగెరూ పోయాక ఆ పని వ్రెతీ మీద పడింది. పిల్ల పేరు ఫోతినీ, వయసు పద్నాలుగు నెలలు, కుడి మోకాలి కింద కాలిన మచ్చ, చెస్మే రేవు, నీలం అంచు పడవ. ఇవే మాటలు ప్రతి ఏడూ. ఆ పిల్ల బతికి ఉంటే నలభై దాటి ఉంటుందని వ్రెతీ ఒకసారి అంటే, అయినా పద్నాలుగు నెలలనే రాయి, వాళ్ళు వెదకాల్సింది దాన్నే కదా అంది ఎవాంథియా.

జవాబులు వచ్చేవి. ఆచూకీ దొరకలేదని ఒకే వాక్యం, ఒకే ముద్ర. వ్రెతీ ప్రతి జవాబునూ వెలుతురుకు ఎత్తి పట్టి, వెనకా ముందూ తిప్పి చూసి, వీళ్ళు అసలు వెదుకుతున్నారా లేక పాత జవాబునే కొత్త తారీఖుతో పంపుతున్నారా అని సణిగి, తరవాతే చదివి వినిపించేది.

ఎవాంథియా డెబ్బైనాలుగు వేసవిలో పట్నంలోనే పోయింది. ఆ ఏటి జవాబు ఆమె పేట చిరునామాకు వచ్చి, సెప్టెంబరులో బస్సులో లిథారి చేరింది. వ్రెతీ జల్లెడ పక్కన పెట్టి, చేతికి అంటిన సుద్ద గౌనుకు తుడుచుకుని, కవరు విప్పింది. అదే వాక్యం. ఈసారి కింద, దరఖాస్తును ఇంకా కొనసాగించాలా వద్దా తెలియజేయమని అడిగారు. ఆమె లోపలికి వెళ్ళి కలం తెచ్చుకుంది. కొనసాగించండి అని రాసి, చిరునామా లిథారి అని మార్చి, సంతకం చేసి, బస్సు వెళ్ళిపోకముందే ఇచ్చి వచ్చింది.